నాలుగు ముఖాల్లోంచి ఐదో మనిషి

ఒకే ఇంటి ఆడవాళ్ళ ఫొటోలు నాలుగు తీసుకుందాం. అమ్మమ్మది పింఛను కాగితాల కోసం తీయించిన నలుపు తెలుపు పాస్‌పోర్ట్ సైజు ఫొటో. అప్పటికే తాతయ్య పోయారు కాబట్టి నుదుట బొట్టు లేదు. అమ్మది పెళ్ళి ఆల్బమ్‌లోది, రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు. పిన్నిది ఎవరి గృహప్రవేశంలోనో తీసింది, స్టిక్కర్ బొట్టు, కళ్ళజోడు. కూతురిది సెల్ఫీ, ఆవగింజంత నల్ల చుక్క, ముక్కుపుడక. ఈ నాలుగింటినీ ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పొరలను పలచన చేసుకుంటూ పోతే ఒక కొత్త ముఖం తేలుతుంది. కళ్ళు చక్కగా కుదురుతాయి. ముక్కు పరవాలేదు. చెంపలు నలుగురిలో ఎవరికీ లేనంత నున్నగా వస్తాయి. నుదుటి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పేచీ మొదలవుతుంది. పెద్ద బొట్టు వెలిసిపోయిన ఎర్ర మరకలా, దానికి కాస్త కింద స్టిక్కర్ ఇంకో మచ్చలా, ఇంకా కింద నల్ల చుక్క మసిలా కనిపిస్తాయి. నలుగురిలో ముగ్గురు బొట్టు పెట్టుకున్నారు, కానీ ముగ్గురూ ఒకే చోట పెట్టుకోలేదు. యంత్రానికి బొట్టు అంటే ఏమిటో తెలియదు కాబట్టి, ఎవరి బొట్టుకు వారి పావు వాటా ఇచ్చి ఊరుకుంది.

రెండు మూడు నుంచి వందల దాకా ముఖాలను కలిపి ఒకే చిత్రం చేయడం ఇప్పుడు ఫోన్‌లో కూడా అయ్యే పని. అందుకే, వచ్చిన ముఖం ఏదో లెక్కలోంచి దానంతట అదే ఊడిపడిందని చూసేవాళ్ళు అనుకుంటారు. 'సగటు ముఖం' అనే మాటే అలా అనిపిస్తుంది. సగటు అంటే కూడి భాగించడమే కదా, అందులో ఎవరి ఇష్టాయిష్టాలు ఉంటాయి? ఉంటాయి. ఎవరి ఫొటోలు తీసుకోవాలి, ఎవరికి ఎంత పాలు ఇవ్వాలి, ఏ బిందువును ఏ బిందువు మీద కుదర్చాలి అన్నవి కలిపే మనిషి తేల్చుకోవాల్సిన సంగతులే. చివరికి వచ్చే ముఖంలో ఫొటోల్లోని మనుషులు ఎంత ఉంటారో, ఈ నిర్ణయాలూ అంతే ఉంటాయి.

ముందు పాళ్ళ సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తగా చేసేవాళ్ళు మొదట జారేది ఇక్కడే. నాలుగు ఫొటోలున్నాయి కాబట్టి ఒక్కో దానికి 25 శాతం ఒపాసిటీ (పొర ఎంత నిండుగా కనిపించాలన్న కొలత) పెట్టేస్తే సమానంగా పంచినట్టే అనిపిస్తుంది. అడుగు పొర నిండుగా ఉండాలి కాబట్టి దాన్ని 100లో ఉంచి, పై మూడింటికీ 25 పెట్టారనుకుందాం. పై పొర తన 25 తీసుకుంటుంది. మిగిలిన 75లో పావు వంతు, అంటే సుమారు 19, మూడో పొరకు వెళుతుంది. ఇంకా మిగిలిన దాంట్లో పావు, సుమారు 14, రెండో పొరకు. అడుగున ఉన్న ఫొటోకు ఏకంగా 42 దక్కుతుంది. అడుగున అమ్మమ్మ ఉంటే ఆ ముఖం అమ్మమ్మ ముఖమే, మిగతా ముగ్గురూ చుట్టపుచూపుగా వచ్చినట్టు. పోనీ అన్నిటికీ 50 పెడితే వ్యవహారం తలకిందులవుతుంది. పై పొరకు సగం, దాని కిందదానికి పావు, అడుగున ఉన్న రెండింటికీ చెరో 12.5. పొరల వరస మారిస్తే మనిషే మారిపోతుంది.

సరైన లెక్క కింది నుంచి పైకి 100, 50, 33, 25. ఎన్నో పొర అయితే ఆ అంకెతో వందను భాగించడమే. ఐదో ముఖం చేరిస్తే దానికి 20, పదో ముఖానికి 10. నాలుగైదు ముఖాల దాకా ఇది హాయిగా నడుస్తుంది. వంద ముఖాల సరికి తేడా కొడుతుంది. ఫొటోషాప్ పొరకు పూర్ణాంకమే తీసుకుంటుంది కాబట్టి 67వ పొర నుంచి 100వ పొర దాకా అన్నిటికీ 1 శాతమే పెట్టాలి, నిజానికి 67వ దానికి దాదాపు ఒకటిన్నర రావాలి. చిన్న తేడాయే, కానీ ముప్పై మందికి కలిసి జరిగే అన్యాయం. అందుకని ఫొటోలు ఎక్కువైతే అన్నిటినీ ఒకే మూటలాంటి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, పొరలన్నిటినీ ఒకేసారి లెక్కగట్టే స్టాక్ మోడ్‌లో 'మీన్' (సగటు) ఎంచుకుంటారు. స్టాక్ మోడ్‌ను అసలు ఆకాశాన్ని తీసిన ఫొటోల్లో గింజలు గింజలుగా కనిపించే నాయిస్ తగ్గించడానికీ, రద్దీ వీధి ఫొటోల్లోంచి జనాన్ని తుడిచెయ్యడానికీ ఎక్కువగా వాడతారు. జనాన్ని తుడిచే పనిముట్టుతోనే జనం ముఖాన్ని తయారు చేయడం కాస్త విచిత్రమే.

వెలుగు సంగతి కూడా ఒకటుంది, చాలామంది పట్టించుకోనిది. ఫొటో ఫైల్‌లో నలుపుకు 0, తెలుపుకు 255 అని అంకెలుంటాయి. రెండింటి సగటు 127 లేదా 128. కానీ ఆ అంకెలు వెలుగు కొలతలు కావు, కంటికి అనువుగా వంచి రాసుకున్న గుర్తులు. నిజంగా సగం వెలుగు కావాలంటే ఆ చోట 188 దాకా రావాలి. అంటే మామూలు పద్ధతిలో కలిపిన ముఖం, నిజమైన వెలుగులను కలిపితే రావాల్సిన దానికంటే కొంచెం ముదురుగా వస్తుంది. అమ్మమ్మది నలుపు తెలుపు ఫొటో కాబట్టి రంగులోనూ పావు వంతు కోత పడుతుంది. చామనఛాయ బూడిద ఛాయకు జరుగుతుంది. దాన్ని చివర్లో 'కలర్ కరెక్షన్' పేరుతో సరిచేస్తారు. ఎవరి ఛాయకు సరిచేయాలన్నది మళ్ళీ చేసేవాళ్ళ ఇష్టమే.

పాళ్ళు కుదిరినా ముఖం కుదరకపోవచ్చు, అసలు కష్టం పొందికలో ఉంది. ఫొటోషాప్‌లో పొరలను దానంతట అదే కుదిర్చే 'ఆటో అలైన్' ఉంది కానీ, అది ఒకే దృశ్యాన్ని రెండుసార్లు తీసినప్పుడు పనికొచ్చేది. అమ్మనూ పిన్నినీ ఇచ్చి కుదర్చమంటే గోడకున్న క్యాలెండరునో చీర అంచునో పట్టుకుని లాగుతుంది. చేత్తో కుదిర్చేవాళ్ళు ముందుగా కనుపాపలు పట్టుకుంటారు. ఎడమ కనుపాప మీద ఎడమ కనుపాప, కుడి దాని మీద కుడిది వచ్చేలా ఫొటోను పెంచి, తగ్గించి, తిప్పుతారు. కళ్ళ దగ్గర ముఖం వెంటనే స్పష్టమవుతుంది. కళ్ళ నుంచి దూరం వెళ్ళేకొద్దీ మసక పెరుగుతుంది. పెదవులు జంటగా, గడ్డం మూడు గీతలుగా, చెవులు పొగగా, పాపిడి మంచుగా మారతాయి. జడలోని పూలు అయితే తెల్లటి మబ్బే.

ఇక్కడ సులభంగా తప్పిపోయే సంగతి ఒకటుంది. కనుపాపల మధ్య దూరాన్ని అందరికీ ఒకటే చేశామంటే, ఆ దూరంలో మనుషులకున్న తేడాను చెరిపేశామన్నమాట. కళ్ళు దగ్గరగా ఉన్న మనిషి ముఖం మొత్తం పెద్దదవుతుంది, దూరంగా ఉన్న మనిషిది చిన్నదవుతుంది. ఆ తేడా ఎక్కడికీ పోదు, దవడల మీదికీ చెవుల మీదికీ వెళ్ళి అక్కడ మసకగా కూర్చుంటుంది. కళ్ళు సూటిగా, సజీవంగా కనిపించడం చూసి 'ఇంటి కళ్ళు ఒకటే' అని మురిసిపోతాం కానీ, వాటిని ఒకటి చేసింది మనమే.

ఈ మసక పోగొట్టడానికి వచ్చిన పద్ధతే వార్పింగ్. ప్రతి ముఖం మీదా కనుకొనలు, కనుబొమల వంపు, ముక్కు దూలం, పెదవి మూలలు, దవడ అంచు ఇలా బిందువులు పెడతారు. బాగా వాడుకలో ఉన్న ఒక నమూనాలో ఇవి 68. ఫోన్ యాప్‌ల వెనక పనిచేసే కొన్ని నమూనాల్లో 468 దాకా ఉంటాయి. ముందుగా అందరి బిందువుల స్థానాలను సగటు చేసి ఒక ఖాళీ ఆకారం తయారు చేస్తారు. బిందువులను కలుపుతూ ముఖాన్ని త్రిభుజాలుగా ముక్కలు చేసి, ఒక్కో ముఖపు ఒక్కో త్రిభుజాన్నీ ఆ సగటు ఆకారంలోని త్రిభుజానికి సరిపడేలా సాగదీస్తారు. అంతా అయ్యాకే రంగులను కలుపుతారు. ముందు ఆకారం, తర్వాత చర్మం. ఈ రెండు పనులనూ విడదీయడంతోనే మసక ముద్దలాంటి బొమ్మ కాస్తా మనిషిగా కనిపించే బొమ్మ అయింది.

చేత్తో చేసేవాళ్ళు ఫొటోషాప్‌లో బొమ్మను సాగదీసే పప్పెట్ వార్ప్, లిక్విఫైలతో ఇదే పనిని ఓపికగా లాక్కొస్తారు. అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, నచ్చిన ఒక ముఖాన్ని అడుగున పెట్టి మిగతా ముగ్గురినీ దాని ఆకారానికి లాగడం. పని తొందరగా అయిపోతుంది. చూడటానికీ బాగుంటుంది. కానీ ఆ ముఖంలో ఆకారం నూటికి నూరుపాళ్ళూ ఒక్కరిదే, చర్మం మాత్రమే నలుగురిది. అమ్మ ఆకారానికి అమ్మమ్మ ముడతలు కప్పి 'అందరినీ కలిపాం' అంటే ఎలా?

ముక్కుపుడక సంగతి చెప్పకపోతే ఈ భాగం పూర్తికాదు. కొన్ని ఫోన్లలో ముందు కెమెరాతో తీసిన సెల్ఫీ అద్దంలో చూసినట్టు తిరగబడి సేవ్ అవుతుంది. దాన్ని సరిచేయకుండా కలిపితే ఎడమ వైపు పుడక కుడి వైపుకు వస్తుంది, పాపిడి పక్కలు మారుతుంది, పుట్టుమచ్చ అటు చెంపకు పోతుంది. ఇద్దరికి పుడకలుంటే కలిపిన ముఖంలో రెండు వైపులా రెండు సగం పుడకలు మెరిసేది ఇందువల్లే. ఏ ఇద్దరు ముత్తయిదువలనైనా అడిగితే క్షణంలో పట్టేసే తప్పు, 468 బిందువుల నమూనాకు కనిపించదు.

ఇదంతా కంప్యూటరుతో పుట్టిన ముచ్చట కాదు. డార్విన్‌కు వరసకు సోదరుడయ్యే ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1877లో ఈ ఆలోచనను పైకి తెచ్చి, 1878లో ఫలితాలు ప్రకటించాడు. అతని ఏర్పాటు చాలా తేలిక. ఎనిమిది మంది ఫొటోలున్నాయి, ఒక ఫొటోను కెమెరాలోని ప్లేటు మీద పూర్తిగా దించడానికి 80 సెకన్లు పడుతుందనుకుంటే, ఒక్కో ఫొటోను అదే ప్లేటు ముందు 10 సెకన్లు మాత్రమే ఉంచడం. కళ్ళనూ పెదవుల గీతనూ ఆనవాలుగా పెట్టుకుని ఫొటోలను కుదర్చడం. పైన చెప్పుకున్న లేయర్లు, ఒపాసిటీ అన్నీ ఇందులో ఉన్నాయి, లేనిది వార్పింగ్ ఒక్కటే. ఒక రకంగా ఆ పద్ధతి ఇప్పటి సాఫ్ట్‌వేర్ కంటే నిజాయతీ అయినది కూడా. ప్లేటు మీద పడింది అంకెలు కాదు, వెలుగే.

అతనికి ఫొటోలు దొరికింది జైళ్ళ నుంచి. ఇంగ్లండు జైళ్ళ పెద్ద ఎడ్మండ్ డు కేన్ ఖైదీల ఫొటోలు ఇచ్చాడు. హత్య, దోపిడీ లాంటివి చేసినవాళ్ళు ఒక గుంపు, దొంగతనం, ఫోర్జరీ చేసినవాళ్ళు ఇంకో గుంపు, లైంగిక నేరాలవాళ్ళు మరో గుంపు. ఒక్కో గుంపునూ కలిపితే ఆ నేరానికి తగిన 'నేరస్థుడి ముఖం' బయటపడుతుందని ఆశ. బయటపడింది మాత్రం మర్యాదస్థుడిలా కనిపించే ఒక మనిషి. విడివిడి ముఖాల్లోని క్రూరమైన వంకరలన్నీ పోయి, వాటి అడుగున ఉన్న మామూలు మనిషితనమే పైకి వచ్చిందని గాల్టనే రాశాడు. ఆ బొమ్మలు నేరస్థుణ్ణి చూపడం లేదు, నేరంలో పడే అవకాశం ఉన్న మనిషిని చూపుతున్నాయి అని కూడా అన్నాడు. ఆ రెండో మాటలో ఉన్న జారుడు గమనించాలి. ఆశించింది రాకపోయినా సిద్ధాంతాన్ని వదల్లేదు, పేరు మార్చాడంతే. మేలైన మనుషులను పెంచాలి, 'తక్కువ రకం'వాళ్ళను తగ్గించాలి అనే వాదానికి 1883లో 'యూజెనిక్స్' అని పేరు పెట్టింది కూడా ఇతనే. ఆ పేరు మీద తర్వాతి శతాబ్దంలో ఏయే దేశాల్లో ఏమేం జరిగిందో లోకానికి తెలుసు.

అదే పనిముట్టు ఇంకొకరి చేతిలో ఎలా పనిచేసిందో కూడా చూడాలి. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు ఫ్రెడరిక్ అక్బర్ మహమద్. పాట్నాలో పుట్టి, ఇంగ్లండు వెళ్ళి అక్కడ ఆవిరి స్నానాల వ్యాపారంతో పేరు తెచ్చుకున్న షేక్ దీన్ మహమద్‌కు మనవడు. క్షయరోగం వచ్చేవాళ్ళకు ఒక ప్రత్యేకమైన ముఖకవళిక ఉంటుందని అప్పటి వైద్యుల నమ్మకం. సన్నటి, కోలగా ఉండే, నాజూకు ముఖం అని. గాల్టన్‌తో కలిసి అతను నాలుగు వందలకు పైగా క్షయరోగుల ముఖాలను, పోల్చడానికి వేరే జబ్బులున్నవాళ్ళ ముఖాలను తీసుకుని కలిపి చూశాడు. అలాంటి ప్రత్యేక ముఖమేదీ లేదని 1882లో ప్రచురించిన వ్యాసంలో తేలింది. కలిపిన ముఖాల చరిత్రలో ఎక్కువ మంది తలుచుకోని ఘట్టం ఇది, కానీ అన్నిటికంటే విలువైన ఫలితం ఇదేనేమో. పోల్చడానికి రెండో గుంపును పెట్టుకోవడం వల్లే అది సాధ్యమైంది. ఖైదీల బొమ్మలకూ దీనికీ ఉన్న తేడా అదే.

ఇక అందం సంగతి. కలిపిన ముఖం విడివిడి ముఖాల కంటే అందంగా ఉండటం తొలినాళ్ళలోనే గమనించారు. న్యూజిలాండ్ నుంచి ఆస్టిన్ అనే ఆయన 1877లో డార్విన్‌కు ఉత్తరం రాశాడు. స్టీరియోస్కోప్‌లో ఒక కంటికి ఒకరి ఫొటో, ఇంకో కంటికి ఇంకొకరి ఫొటో పెట్టి చూస్తే రెండూ కలిసి ఒకే ముఖమవుతోందని, స్త్రీల ముఖాలైతే ప్రతిసారీ అందం పెరుగుతోందని. డార్విన్ దాన్ని గాల్టన్‌కు పంపాడు. వందేళ్ళకు పైగా గడిచాక, 1990లో టెక్సస్‌లో మనస్తత్వ పరిశోధకులు జూడిత్ లాంగ్లోయిస్, లోరీ రాగ్‌మన్ విద్యార్థుల ముఖాలను కంప్యూటర్‌లో 2, 4, 8, 16, 32 చొప్పున కలిపి చూపించి మార్కులు వేయించారు. 16, 32 ముఖాలు కలిపిన వాటికి విడి ముఖాల కంటే ఎక్కువ మార్కులు పడ్డాయి.

దీన్ని 'అందం అంటే సగటే' అని పత్రికలు ఎత్తుకున్నాయి. అంత దూరం వెళ్ళే ముందు చర్మాన్ని చూడాలి. ఒకరి మొటిమ ఎడమ చెంపన, ఇంకొకరిది గడ్డం మీద. 32 ముఖాలు కలిస్తే ఒక్కో మొటిమకు మిగిలేది ముప్పై రెండో వంతు నలుపు, అంటే కనిపించదు. ముడతలూ అంతే, మచ్చలూ అంతే. ఎవరూ బ్యూటీ పార్లర్‌కు వెళ్ళలేదు, లెక్కే ఫేషియల్ చేసేసింది. వంకర ముక్కులు కుడికి కొన్ని, ఎడమకు కొన్ని ఉంటాయి కాబట్టి కలిస్తే తిన్నగా వస్తాయి. అందం పెరిగిందనడం కంటే లోపాలకు ఓట్లు చీలిపోయాయి అనడం నిజానికి దగ్గర.

దీనికి తగిన జవాబు 1994లో వచ్చింది. మనస్తత్వ పరిశోధకుడు డేవిడ్ పెరెట్ బృందం 60 మంది స్త్రీల ముఖాలను కలిపి ఒక సగటు, వాళ్ళలో ఎక్కువ మార్కులు పడ్డ 15 మందిని మాత్రమే కలిపి ఇంకో సగటు తయారు చేసింది. రెండూ సగటులే, రెండింటి చర్మమూ నున్ననే. చూసినవాళ్ళు రెండోదాన్నే మెచ్చారు. ఆ రెండింటికీ ఉన్న తేడాను ఇంకా సాగదీస్తే ఆ ముఖాన్ని మరింత మెచ్చారు. కాబట్టి సగటు ముఖం చూడముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ మనల్ని నిలబెట్టి చూసేలా చేసే ముఖం సగటుకు కొంచెం అవతల ఉంటుంది.

ఆదిపర్వంలో సుందోపసుందుల కథ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఆ అన్నదమ్ములను విడదీయడానికి బ్రహ్మ ఒక అందగత్తెను చేయమంటే విశ్వకర్మ లోకంలోని మేలైన వాటన్నిటి నుంచీ నువ్వుగింజంత నువ్వుగింజంత ఏరి తిలోత్తమను చేశాడు. ఏరి కూర్చినది ఆమె. అందరినీ సమానంగా కలిపితే తిలోత్తమ వచ్చేది కాదు, తిరణాలలో ఎదురై ఇట్టే మరిచిపోయే ఒక మంచి ముఖం వచ్చేది. ఫొటో ఎడిటింగ్‌లో ఇవి రెండూ వేర్వేరు పనులు. ఒకరి కళ్ళు, ఇంకొకరి పెదవులు, మరొకరి జుట్టు మాస్క్ చేసి అంచులు తెలియకుండా అతకడం విశ్వకర్మ పని. పొరలన్నిటినీ పలచన చేసి కరిగించడం గాల్టన్ పని. యాప్‌లు రెండింటినీ 'మిక్స్' అనే ఒక్క బటన్ కింద పెట్టేసి తికమక చేశాయి.

పాళ్ళను ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్నను బొమ్మలోనే పెట్టినది అమెరికన్ కళాకారిణి నాన్సీ బర్సన్. కంప్యూటర్లు ఇంకా ఇళ్ళలోకి అంతగా రాని రోజుల్లో, 1982లో, ఆమె అణ్వాయుధాలున్న దేశాల నాయకుల ముఖాలను వాళ్ళ దగ్గరున్న వార్‌హెడ్ల (అణుబాంబుల) నిష్పత్తిలో కలిపింది. అమెరికా రీగన్ 55 శాతం, సోవియట్ బ్రెజ్నెవ్ 45 శాతం. బ్రిటన్ థాచర్, ఫ్రాన్స్ మితెరాఁ, చైనా డెంగ్ ముగ్గురికీ ఒక్క శాతం కూడా దక్కలేదు. చూస్తే ఎవరో పెద్దమనిషి ముఖం. ఎవరి వాటా ఎంతో చదివాక మాత్రం ఆ ముఖం అలా ఉండదు. ఆమె పాళ్ళను దాచలేదు, పాళ్ళే ఆ బొమ్మకు విషయం. ఆమె బృందం తయారు చేసిన పద్ధతులే తర్వాత తప్పిపోయిన పిల్లలు ఇప్పుడు ఎలా ఉంటారో ఊహించి గీయడానికి అమెరికా పోలీసులకు పనికొచ్చాయి.

పదకొండేళ్ళ తర్వాత టైమ్ పత్రిక ఇంకో దారి పట్టింది. 1993లో 'అమెరికా కొత్త ముఖం' అంటూ వలసలతో రేపటి అమెరికన్ ఎలా ఉంటారో చూపిస్తున్నట్టు ఒక అమ్మాయి ముఖాన్ని అట్ట మీద వేసింది. వేర్వేరు జాతుల మోడళ్ళను మార్ఫింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి చేసిన ముఖం అది. పాళ్ళు చూస్తే దక్షిణ ఐరోపా 35 శాతం, మధ్యప్రాచ్యం 17.5, ఆఫ్రికా 17.5, ఆంగ్లో సాక్సన్ 15, ఆసియా 7.5, హిస్పానిక్ 7.5. ఇవి జనాభా లెక్కలు కావు. పైగా మోడళ్ళు మోడళ్ళే, బస్సులో ఎదురయ్యేవాళ్ళు కాదు. అందమైనవాళ్ళను కలిపితే ఇంకాస్త అందమైన మనిషి వస్తుంది, దానికి భవిష్యత్తు అని పేరు పెట్టారు. ఒక్కో దేశపు 'సగటు స్త్రీ' అంటూ వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరిగే ముఖాల పట్టికదీ ఇదే తంతు. అందులో 'భారతీయ స్త్రీ' ముఖం చూసి మురిసేవాళ్ళు, శ్రీకాకుళం నుంచి ఎంతమందిని, లడఖ్ నుంచి ఎంతమందిని తీసుకున్నారని అడగరు.

తెలుగులో 'మార్ఫింగ్' అన్న మాటకు పట్టిన గతి ఇక్కడే చెప్పాలి. మైకేల్ జాక్సన్ 1991 నాటి 'బ్లాక్ ఆర్ వైట్' వీడియో చివర్లో ఒక ముఖం ఇంకో ముఖంగా కరిగి మారుతూ పోయినప్పుడు ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టి చూసింది అసలు మార్ఫింగ్‌ను. మన వార్తల్లో మాత్రం మార్ఫింగ్ అంటే ఒకరి తలను ఇంకొకరి ఒంటికి తగిలించడం, అదీ బెదిరించడానికి. లోన్ యాప్‌లవాళ్ళు అప్పు తీసుకున్నవాళ్ళ ఫొటోలను అలా చేసి బంధువులకు పంపిన రోజుల్లో ఆ మాట పల్లెల దాకా పాకింది. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో వచ్చిన నకిలీ వీడియో కూడా ఈ కోవలోదే. అందులో ముఖాలు కలవలేదు, ఒక ముఖం ఇంకో మనిషిని కప్పేసింది. ఇలాంటివి ఎదురైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

సరిగ్గా పేరుకు తగిన మార్ఫింగ్ మోసం వేరే ఉంది, అది పాస్‌పోర్ట్‌లది. ఇద్దరి ముఖాలను సగం సగం కలిపితే వచ్చే ముఖం ఇద్దరికీ పోలినట్టే ఉంటుంది. మనిషి కన్నూ ఒప్పుకుంటుంది, విమానాశ్రయంలోని యంత్రమూ ఒప్పుకుంటుంది. ఇది సాధ్యమేనని ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు 2014లో చూపించారు. 2018లో జర్మనీలో ఒక కార్యకర్తల బృందం తమలో ఒకరి ముఖాన్ని అప్పటి ఐరోపా విదేశాంగ వ్యవహారాల అధినేత ఫెదెరికా మొగెరీనీ ముఖంతో కలిపి, ఆ ఫొటోతో నిజమైన పాస్‌పోర్టే తెచ్చుకుని చూపించింది. స్టూడియోలో తీయించిన కాగితపు ఫొటోలు తీసుకోవడాన్ని 2025 మే నుంచి జర్మనీ మానేసింది. మన దగ్గర పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కౌంటర్ దగ్గర అక్కడికక్కడే ఫొటో తీయడం ఎప్పటి నుంచో ఉంది. కెమెరా ముందు తల కాస్త వంచమని విసుక్కునే ఆ ఉద్యోగి, తెలిసో తెలియకో, ఈ మోసానికి అడ్డుగా కూర్చున్నట్టే.

ఇప్పుడు కృత్రిమ మేధ యాప్‌లకు నాలుగు ఫొటోలు ఇస్తే మసక లేదు, రెండు పుడకలు లేవు, నిఖార్సయిన ముఖం ఇస్తాయి. చర్మ రంధ్రాలు, కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అనుమానం రావాల్సింది అక్కడే. సగటు చేస్తే వివరాలు పోతాయి, పోయిన వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ నాలుగు ఫొటోల నుంచి కాదు, ఆ యంత్రం అంతకు ముందు చూసిన లక్షల ముఖాల నుంచి. నలుగురిలో ఎవరికీ లేని పుట్టుమచ్చ ఐదో ఆమెకు వస్తే, అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. గాల్టన్ ప్లేటు మీద మసక ఉన్న చోట తేడా ఉందని అర్థం. కొత్త యంత్రం ఆ గుర్తును కూడా చెరిపేస్తోంది.

ఆ మసకను మెచ్చినవాళ్ళూ ఉన్నారు. తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ 1920లలో తన ముఖాన్నీ తన ముగ్గురు అక్కల ముఖాలనూ కలిపి ఒక ఫొటో చేయించుకున్నాడు. అక్కడా నాలుగు ముఖాలే. తర్వాత అతను రాసిన 'కుటుంబ పోలిక' ఆలోచనలో, ఒక ఇంటివాళ్ళందరికీ ఉమ్మడిగా ఉండే లక్షణం ఒక్కటైనా ఉండనక్కర్లేదు. ఇద్దరికి ముక్కు కలుస్తుంది, వేరే ఇద్దరికి నడక కలుస్తుంది, ఇంకో ఇద్దరికి కోపం కలుస్తుంది. తాడులో ఏ ఒక్క పోగూ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండదు, అయినా తాడు తాడే. పురిటి గదిలో బిడ్డను చూసి 'ముక్కు మేనత్తది, చెవులు తాతవి, నుదురు మాత్రం అచ్చం మేనమామే' అని పంచుకునే ముసలమ్మలు చేసేదీ ఇదే. ఎవరూ ఆ బిడ్డను సగటు అనరు.

ఊళ్ళలో ఫొటో స్టూడియోలకు ఇలాంటి పనులు ఇప్పుడు తరచుగానే వస్తాయి. పోయినవాళ్ళను పెళ్ళి ఫొటోలో నిలబెట్టమని, పెళ్ళి రోజుకు మూడు తరాల ముఖాలను ఒకటి చేసి ఫ్రేమ్ కట్టించమని. మొదట చెప్పుకున్న నాలుగు ఫొటోలనే అలా ఇచ్చారనుకుందాం. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు కళ్ళు కుదిర్చాడు, సెల్ఫీని తిప్పి పుడకను దాని వైపుకు తెచ్చాడు, పిన్ని కళ్ళజోడు నీడను చెరిపాడు, ఛాయను అమ్మ ఛాయకు సరిచేశాడు. మిగిలింది నుదుటి మీది మరక. దాన్ని పూర్తిగా తుడిచేస్తే అమ్మమ్మ ఫొటోకు న్యాయం జరుగుతుంది, పెళ్ళి రోజు ఫ్రేమ్‌కు బాగోదు. అమ్మ బొట్టు నిండుగా పెట్టేస్తే ఫ్రేమ్ కళకళలాడుతుంది, అమ్మమ్మకు తాతయ్య పోయిన తర్వాత లేని బొట్టు తిరిగి వస్తుంది. సగటు ప్రకారం వదిలేస్తే అది బొట్టులా ఉండదు, దెబ్బ తగిలిన మచ్చలా ఉంటుంది. లెక్క తన పని చేసేసి ఆగిపోయింది. కుర్రాడు మౌస్ వదిలి వెనక్కి తిరిగి అడుగుతాడు: "బొట్టు ఉంచమంటారా అండీ, తీసెయ్యమంటారా?"